మాస్కు కింది పెదవి

నాడెలో పోగు ఎక్కించడానికి లింబాయత్ కార్ఖానాల్లో అందరిదీ ఒకటే పద్ధతి. కండె మీద నూలు అయిపోగానే సాంచా, అంటే కరెంటు మగ్గం, ఆగుతుంది. చిన్న పడవలా ఉండే నాడెను బయటికి లాగి, ఖాళీ కండె తీసి నిండు కండె గుచ్చుతారు. నాడె పక్కన సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. దానికి పెదవులు ఆనించి గట్టిగా పీలిస్తే పోగు కొస నాలిక మీదికొస్తుంది. దాన్ని పళ్ళతో అందుకుని లాగి, నాడెను సాంచాలో పెట్టి మళ్ళీ నడిపిస్తారు. ఇదంతా ఒక దగ్గు దగ్గినంత సేపట్లో జరిగిపోతుంది. ఒకరు చాయ్‌కి పోతే వాళ్ళ సాంచాలు పక్కవాడు చూసుకుంటాడు కనుక, ఒకరు నోరు పెట్టిన నాడె ఇంకొకరి నోటికి తగులుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కరోనా వచ్చాక ఆ కార్ఖానాల్లో ఒకదాని యజమాని శేఠ్ పట్టించుకున్నాడు. నాడెకు నోరు పెట్టినవాణ్ణి పనిలోంచి తీసేస్తానని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు. శేఠ్ గడప దాటగానే మాస్కులు గడ్డాల కిందికి దిగేవి, నాడెలు పెదవుల దగ్గరికి పోయేవి. మాట విన్నది ఒక్క ఉమాకాంత్. సన్నటి స్టీలు తీగ కొస వంచి కొక్కెం చేసుకున్నాడు. దాన్ని రంధ్రంలో దూర్చి పోగును లాగేవాడు. పీల్చడం కన్నా అది నెమ్మది. సాంచా అంతసేపూ ఊరికే నిలబడేది.

“ఉమాకాంత్ కో దేఖో,” అనేవాడు శేఠ్, మిగతావాళ్ళను తిట్టాల్సి వచ్చినప్పుడల్లా.

ఆ మాట విని విని వాళ్ళు అతనికి ‘డాక్టర్ సాబ్’ అని పేరు పెట్టారు. పక్క సాంచాల మీద పనిచేసే సోమలింగం అయితే, తుమ్ము వచ్చినప్పుడల్లా అతని దగ్గరికి వచ్చి చెయ్యి చాపేవాడు. “నాడి సూడు డాక్టర్ సాబ్. ఉంటనా, పోతనా?”

“నువ్వు యాడికి పోతవ్ లింగన్నా. నిన్ను పైన గూడ ఉండనియ్యరు,” అనేవాడు ఉమాకాంత్, కళ్ళతో నవ్వుతూ. కళ్ళతోనే నవ్వడం అతను మాస్కు వచ్చాక నేర్చుకున్నాడు. కనుకొసలు ఎంత ముడవాలో, ముడిచినవాటిని ఎప్పుడు వదలాలో అతనికి ఇప్పుడు బాగా తెలుసు.

శేఠ్‌కూ తెలియంది, సోమలింగానికీ తెలియంది ఏమిటంటే, ఉమాకాంత్ జాగ్రత్తపరుడు కాడు. కిందటి ఏడాది దీపావళి దాటాక ఒక పొద్దున లేచేసరికి అతని కింది పెదవి ఉబ్బి ఉంది. నొప్పి లేదు. ఏ పురుగో కుట్టిందనుకున్నాడు. సందు చివరి డాక్టరు సూది వేశాడు, దిగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ దిగింది. వచ్చిన ప్రతిసారీ కొంత మిగిల్చి పోయేది. చలికాలం గడిచేసరికి దిగడం మానేసింది. ఎండాకాలంలో పై పెదవి కూడా కలిసింది. ఇప్పుడు కింది పెదవి రబ్బరు ముక్కలా గట్టిపడి, నడుమ నిలువునా పగిలి ఉంది. లోపల చిగుళ్ళు ఎర్రగా ఉబ్బాయి. మాస్కు చాటున అతని నాలిక రోజంతా ఆ పగులు దగ్గరికి పోయి వస్తూ ఉండేది. దిగిందా? లేదు. పెరిగిందా? ఏమో. ఇప్పుడే చూశావు కదా అని తనను తాను కసురుకునేవాడు. కసురుకోవడం పూర్తయ్యేలోపే నాలిక మళ్ళీ బయల్దేరేది.

రెండో విడత కరోనాలో ఊరు ఊరంతా మాస్కును తిట్టుకుంటుంటే, ఉమాకాంత్ ఒక్కడు అది ఎక్కడ పోతుందోనని భయపడ్డాడు. వార్తల్లో కేసులు తగ్గాయన్నప్పుడు అతని గుండె జారేది. అలా జారినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది. వాళ్ళ సందులోనే ఇద్దరు పోయారు మరి.

ఇది ఎక్కడిదన్న విషయంలో అతనికి అనుమానం లేదు. నాడెదే. ఎవడి నోట్లోంచో పోగుతో పాటు వచ్చింది. పదమూడేళ్ళు ఎవరెవరి ఎంగిలినో పీల్చిన నోరు అది. అందులోకి నాడె గుండా వచ్చింది నాడె గుండానే బయటికీ పోతుంది కదా. అందుకే కొక్కెం. అందుకే ఇంట్లో వేరే గ్లాసు, వేరే కంచం. ఐదేళ్ళ కూతురు నవత ముద్దు పెట్టబోతే మొహం తిప్పి నెత్తి చూపించేవాడు. పిల్ల కొన్నాళ్ళు ఆ నెత్తినే ముద్దు పెట్టుకుంది, తర్వాత మానేసింది.

భార్య ఊర్మిళ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అతికించే పని చేసేది. ఆమెకు ఈ వేరే గ్లాసు సంగతి మొదటి నుంచీ మంట.

“సంవత్సరం కావస్తున్నది. ఒక్క గదిల ఉంటున్నం. నాకు రాలే, పొల్లకు రాలే. ఇగ ఎవలికి అంటుతది గిది?”

“రాను టైం వడ్తదేమో.”

“రావాలెనని ఉన్నదా ఏంది నీకు? పెద్ద దవఖానకు పోదాం పా అంటె పోవు. అక్కడ కరోనా అంటవు. నీకు కరోనా భయం లేదు, ఇంకేందో భయమున్నది.”

 ఆమె చెప్పింది నిజమని అతనికి తెలిసినా, ఆ ‘ఇంకేందో’ ఏమిటో మాత్రం తెలియలేదు. డాక్టరు దానికొక పేరు పెడితే ఇక అది వాపు కాదు, తనే. అంతవరకు మాత్రం ఆలోచించి ఆగిపోయేవాడు.

శ్రావణమాసంలో ఒక పొద్దున సోమలింగం మాస్కు లేకుండా, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని కార్ఖానాలోకి వచ్చాడు. సాంచా దగ్గర నిలబడి తువ్వాలు తీశాడు. కింది పెదవి కుడివైపు ఉబ్బి పక్కకు వాలి ఉంది.

“సూడుండ్రి నా అందం,” అన్నాడు. “ఇయ్యాల మా ఇంటిదైతె నన్ను గుర్తు వట్టలే. ఎవలు గావాలె అన్నది.”

“మావా బంద్ చెయ్యమంటె చెయ్యవు,” అన్నాడు సాంచాలు బాగుచేసే మేస్త్రీ బ్రహ్మచారి. పేరుకే బ్రహ్మచారి, నలుగురు పిల్లల తండ్రి. “పొగాకు, వక్క, సున్నం గల్పి పొద్దుగూకులు దవడల వెట్టుకుంటె గట్లనే అయితది.”

అందరూ నవ్వారు. ఉమాకాంత్ నవ్వలేకపోయాడు. చేతిలో ఉన్న నాడె చల్లగా తగిలింది.

జ్యేష్ఠంలో ఒక రోజు జరిగిన పని గుర్తొచ్చింది. గుర్తు రావడానికి అది ఎక్కడికీ పోలేదు, కొన్నాళ్ళుగా మెదడులో ఒక మూలన కూర్చునే ఉంది. ఆ రోజు కొక్కెం ఇంట్లో మరిచిపోయాడు. సోమలింగం చాయ్‌కి పోతూ, “నా సాంచాలు జర సూడు తమ్మీ” అన్నాడు. పోయిన కాసేపటికే సాంచా ఆగింది. ఉమాకాంత్ అటూ ఇటూ చూసి, స్తంభం చాటుకు జరిగి, మాస్కు దించి పీల్చాడు. ఒక్కసారే. తర్వాత నాడెను అంగీకి తుడిచాడు. తుడిస్తే పోతుందా, లోపల పోగు మీద తడి అలాగే ఉంటుంది కదా అని ఆ రాత్రి పడుకున్నాక తోచింది.

ఇప్పుడు అదే నాడె, అదే మనిషి, అదే కింది పెదవి.

ఆ రోజంతా అతను రెండు పోగులు తప్పు కలిపాడు, ఒక కండెను తిరగేసి గుచ్చాడు. ఎటు తిరిగినా చూపు సోమలింగం మూతి మీదికే పోయింది. భయంగా ఉంది, కాదనడానికి లేదు. కానీ భయం కింద ఇంకొకటి కదులుతోంది. సాయంత్రం ఇంటికి పోతూ, షేరింగ్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని కూర్చున్నప్పుడు దాన్ని గుర్తుపట్టాడు. అది సంతోషం. ఇక నేనొక్కణ్ణే కాదు అన్న సంతోషం. లింగన్న పెదవి కూడా గట్టిపడుతుంది, పగులుతుంది. అప్పుడు ఇద్దరం ఒక పక్కన కూర్చుని తింటాం. లింగన్న దాచుకోడు, జోకులు వేస్తాడు, ఆ జోకుల చాటున నాదీ వెళ్ళిపోతుంది. ఇంత దూరం ఆలోచించాక గానీ తను ఏం కోరుకుంటున్నాడో అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆటో ఆపించి, రెండు సందుల ముందే దిగి నడిచాడు.

మర్నాడు సోమలింగానికి కొబ్బరినూనె సీసా తెచ్చిచ్చాడు. ఆ మర్నాడు మెత్తటి అన్నం. సోమలింగం అనుమానంగా చూశాడు.

“ఏంది తమ్మీ గింత ప్రేమ? నా సాంచాలు గిట్ల రాయించుకుందామనా?”

“తగ్గిందా లింగన్నా?”

“యాడ తగ్గింది? దవడ గూడ గుంజుతున్నది. నువ్వేంది, పొద్దున సంది గీ మూతినే సూస్తున్నవ్? మా ఇంటిది పెండ్లైన కొత్తల గూడ గింత సూడలే.”

చెప్పాలనుకున్నాడు.  చెబితే తను నోరు విప్పి చూపించాలి. చెప్పకపోతే సోమలింగం సందు చివరి సూదుల డాక్టరు దగ్గరికి పోయి, తనలాగే ఒక ఏడాది పోగొట్టుకుంటాడు. రెండిట్లో ఏది తక్కువ అని తూచుకుంటూ ఆ రోజు గడిపాడు. ఇంటికి పోయి ఊర్మిళకు చెప్పాడు, స్తంభం చాటు సంగతితో సహా.

ఆమె చీర మీద రాయి అతికించడం ఆపింది. “గా పెద్దమనిషికి చెప్పు,” అంది. “నువ్వు చెప్పకుంటె నేనే పోయి వాళ్ళింటామెకు చెప్త.”

మర్నాడు మధ్యాహ్నం తిండి వేళ సోమలింగాన్ని కార్ఖానా వెనక సందులోకి పిలిచాడు. గుడ్డ తాన్లు ఎత్తే బండి ఒకటి అక్కడ ఆగి ఉంది. దాని చాటున నిలబడి, ఏ ముందుమాటా లేకుండా మాస్కు దించాడు.

సోమలింగం మొదట నవ్వబోయాడు. నవ్వు వాచిన పెదవి దగ్గర ఆగిపోయింది.

“ఎప్పటిసంది?”

“దీపావళి సంది.”

“గందుకేనా డాక్టర్ సాబ్ వేషాలు?”

ఉమాకాంత్ తల ఊపాడు. తర్వాత జ్యేష్ఠంలో చేసిన పని చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల మీద పడి ఉన్న నూలు చిక్కును చూస్తూ ఉన్నాడు.

సోమలింగం వాచిన దవడను అరచేత్తో పట్టుకున్నాడు. 

“నా నాడె నోట్ల వెట్టుకున్నవ్,” అన్నాడు. “వెట్టుకుని, నాకు నూనె సీస తెచ్చిస్తవ్. మెత్తటి బువ్వ తెస్తవ్. శవం మీద పైసలు జల్లినట్టు.”

“లింగన్నా…”

“అన్న గిన్న అనకు. నాకు ఇద్దరు ఆడివిల్లలు. పెద్దదానికి నా కంచంల తినుడు అలవాటు. నువ్వు ముందే చెప్పద్దా? నేనేమన్న నిన్ను కార్ఖానల నుంచి ఎల్లగొడ్తునా?” అంటూనే ఒక అడుగు వెనక్కి వేశాడు. వేసినట్టు అతనికి తెలియలేదు. ఉమాకాంత్‌కు తెలిసింది.

మర్నాడు సోమలింగం రమ్మనడంతో ఇద్దరూ పని మానేసి పెద్దాసుపత్రి దంతాల విభాగానికి పోయారు. సోమలింగం బెంచీ మీద మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. అక్కడ అందరూ అలాగే కూర్చున్నారు, బెంచీల మీద ఒకటి విడిచి ఒకటి ఇంటూ గుర్తులు వేసి ఉన్నాయి. అయినా ఉమాకాంత్ ఆ ఖాళీని చూస్తూ కూర్చున్నాడు.

లోపల ఒక చిన్న వయసు డాక్టరమ్మ, మొహానికి అడ్డంగా ప్లాస్టిక్ అద్దం కట్టుకుని ఉంది. ముందు సోమలింగం నోట్లో అద్దం పెట్టి, ఒక పన్ను మీద ఇనప కడ్డీతో తట్టింది. అతను కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. పన్ను కుళ్ళి వేరు దగ్గర చీము పట్టిందనీ, ఆ వాపే పెదవి దాకా వచ్చిందనీ, మందులు వాడి పన్ను తీయించుకుంటే పోతుందనీ హిందీలో చెప్పింది.

“మరి ఇతనిది నాకు అంటలేదా?” అని సోమలింగం తనకు వచ్చిన హిందీలో అడిగాడు.

ఆమె అప్పుడు ఉమాకాంత్ వైపు తిరిగింది. మాస్కు తీయమంది. చేతితొడుగు వేళ్ళతో పెదవిని నొక్కి చూసింది, లోపలికి తిప్పి చూసింది, నాలిక చాపమంది. నాలిక మీది గాడులను చూసి పక్క గదిలోంచి ఇంకొక డాక్టరును పిలిచింది. మొహం ఎప్పుడైనా ఒక పక్కకు వాలిందా, కడుపులో నొప్పి, విరేచనాలు ఉన్నాయా, ఏం తింటాడు, ఏం తాగుతాడు అని అడిగింది. ఏడాదిగా మాస్కు చాటున దాచిన చోటును ఇద్దరు మనుషులు బల్బు వెలుతురులో వంగి చూస్తుంటే, ఉమాకాంత్‌కు సిగ్గు వేయలేదు. ఎవరి పెదవినో చూస్తున్నారనిపించింది.

ఇది చాలా తక్కువమందికి వచ్చే జబ్బనీ, పేరు పొడుగ్గా ఉంటుందనీ, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలనీ చెప్పింది. మందులు, పెదవిలోకి సూదులు చాలాకాలం పట్టవచ్చు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేదు. ప్రాణానికి ముప్పు లేదంది. దాల్చినచెక్క కొందరికి పడదు కనుక మసాలా చాయ్ కొంతకాలం మానెయ్యమంది. ఎందుకు వస్తుందో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదని కూడా ఆమే చెప్పింది.

“నాడె నుంచి రాలేదా?” అని ఉమాకాంత్ అడిగాడు. నాడె అంటే ఏమిటో చెప్పడానికి అరచేతిని నోటికి ఆనించి పీల్చి చూపించాడు.

 “మీరంతా అలా చేస్తారా?” అని డాక్టరమ్మ అడిగి, తల అడ్డంగా ఊపింది. “అది మంచి పని కాదు, మానెయ్యండి. కానీ ఇది దాంతో రాలేదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. మీ ఒంట్లోనే పుట్టింది.”

“అంటదా?” అన్నాడు సోమలింగం.

“అంటదు.”

“ఎంగిలి తగిలినా?”

“తగిలినా అంటదు.”

పన్ను ఆ రోజే తీయలేదు, వారం తర్వాత తీశారు. అప్పటికే మందులతో సోమలింగం పెదవి సగం దిగింది. పన్ను పోయాక నున్నగా తన చోటికి తాను వచ్చేసింది. ఉమాకాంత్ ఆ దిగడాన్ని రోజూ చూశాడు. సంతోషించాల్సిందే, సంతోషించాడు కూడా. అయితే దానితో పాటు, ఊళ్ళో ఉన్న ఒక్క చుట్టం కూడా మూట సర్దుకుని బండెక్కినట్టుంది. ఇన్నాళ్ళూ ఎవడో ఇచ్చాడనుకున్నప్పుడు కోపం పడటానికైనా ఒక మనిషి ఉండేవాడు, మొహం లేని మనిషి. తనెవరికైనా ఇస్తానేమో అన్న భయంలో కూడా ఇంకొక మనిషి ఉండేవాడు. అంటదు అని డాక్టరమ్మ అన్న మాటతో ఇద్దరూ వెళ్ళిపోయారు. మిగిలింది తనూ తన పెదవీ. ఇంట్లో ఊర్మిళ వేరే గ్లాసును తీసి పిండి కొలవడానికి డబ్బాలో వేసింది. అతను నీళ్ళకు లేచినప్పుడు ఆ గ్లాసు కోసమే వెతికాడు.

సోమలింగం నోట్లో మాట దాగదు. పన్ను తీయించుకుని పనిలోకి వచ్చిన పొద్దున అతనే అందరికీ చెప్పేశాడు. ఉమాకాంత్ వచ్చేసరికి అందరూ అతని సాంచాల దగ్గరే ఉన్నారు.

“తియ్యి మాస్కు,” అన్నాడు బ్రహ్మచారి. “సూడనియ్యి.”

ఉమాకాంత్ తీశాడు.  ఏడాదిగా ఈ ఘడియను రకరకాలుగా ఊహించుకున్నాడు. అందరూ వెనక్కి జరగడం, ఒకడు ఉమ్మేయడం, శేఠ్ చెయ్యి ఊపి గడప చూపించడం.

బ్రహ్మచారి సాంచా కింద వెతికే టార్చిలైటు వేసి, ఇటూ అటూ చూశాడు. “నొప్పి ఉంటదా?”

“ఉండది.”

“గిదేనా?” అన్నాడు వెనక నుంచి ఒకడు. “నేనింక మూతే లేదేమో అనుకున్న.”

“డాక్టర్ సాబ్ నిజంగ పేషంట్ అన్నట్టు,” అన్నాడు ఇంకొకడు. నవ్వారు. అంతలో ఎవరిదో సాంచా ఆగింది, వాడు పరిగెత్తాడు. ఇంకొకరిది ఆగింది. ఒక్కొక్కరే జారుకున్నారు. బ్రహ్మచారి టార్చి ఆర్పి జేబులో వేసుకున్నాడు. చూడటం అయిపోయింది. ఒక కండె మీది నూలు అయిపోయేంత సేపు కూడా పట్టలేదు.

ఉమాకాంత్ మాస్కును అందరిలాగే గడ్డం కిందికి వదిలి నిలబడ్డాడు. గాలి పెదవికి తగులుతోంది. గుండె మీంచి బరువు దిగాలి కదా అని ఎదురుచూశాడు. దిగలేదు. ఇంతేనా అనిపించింది. ఈ కొంచెం సేపటి కోసమా పిల్లకు మొహం తిప్పుకున్నది? తనను ఎవరో మోసం చేసినట్టుంది. ఎవరని వెతికితే ఎవరూ దొరకలేదు.

చాయ్ వేళ సోమలింగం ఎప్పటిలాగే కేక వేశాడు. “తమ్మీ, నా సాంచాలు జర సూడు. నువ్వెట్లాగు మసాలా చాయ్ తాగవు గదా.”

అతను పోయాక సాంచా ఆగింది. ఉమాకాంత్ నాడె తీసి కండె మార్చాడు. జేబులో కొక్కెం ఉంది. చెయ్యి అటు పోయి, ఆగింది. నాడెను పెదవులకు ఆనించాడు. గట్టిపడ్డ పెదవులు రంధ్రం చుట్టూ సరిగా మూసుకోలేదు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి పగులు మండింది, పోగు వచ్చింది. ఈసారి స్తంభం చాటుకు పోలేదు. సోమలింగం చాయ్ గ్లాసుతో గడపలో నిలబడి ఉన్నాడు. చూసిన మాట నిజం. గ్లాసు ఊదుకుంటూ లోపలికి వచ్చాడు.

కాసేపటికి అదే సాంచా మళ్ళీ ఆగింది. ఈసారి సోమలింగమే ఉన్నాడు. నాడె లాగాడు, కండె గుచ్చాడు, నాడెను నోటి దగ్గరికి తెచ్చాడు. అక్కడ ఆగాడు. అంగీ కొస పట్టుకుని రంధ్రం చుట్టూ ఒకసారి రుద్ది, తర్వాత పెదవులు ఆనించి పీల్చాడు. పోగును పళ్ళతో లాగుతూ తలెత్తితే, ఉమాకాంత్ చూస్తున్నాడు.

“నూనె,” అని అరిచాడు సోమలింగం, సాంచాల మోతలో. “నూనె ఉన్నది దానికి.”

ఉమాకాంత్ తల ఊపాడు. అతని కళ్ళలోకి చూశాడు. కళ్ళు చదవడం ఒక ఏడాదంతా నేర్చుకున్న మనిషి. అయినా అతను తుడిచింది నూనెనో, తన ఎంగిలినో తెలియలేదు. సోమలింగం అప్పటికే నాడెను సాంచాలో పెట్టి, అవతలి దాని వైపు తిరిగాడు.

ఉమాకాంత్ తన నాడెను బయటికి తీశాడు, దానికి కండె అయిపోకపోయినా. రంధ్రం చుట్టూ వేలితో తడిమాడు. వేలికి నల్లగా నూనె అంటింది. సాంచాలు నడిచే చోట నూనె ఎప్పుడూ ఉంటుంది, ఎవరూ తుడవరు. వేలును ప్యాంటుకు రుద్దుకుని, నాడెను లోపల పెట్టి సాంచా నడిపాడు. నాలుగు అడుగులు వేసి, మళ్ళీ ఆపాడు. మళ్ళీ తడిమి చూశాడు.